తాళాలు పట్టిన చెయ్యి
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం, పెద్దాపురం)



దుర్గాబాయమ్మ పేరున మాట్లాడమంటే ఎవరైనా ఆంధ్ర మహిళా సభతోనో, రాజ్యాంగ సభలో ఆవిడ చేసిన వాదనలతోనో మొదలుపెడతారు. నేను మాత్రం ఆవిడ జైలు రోజుల దగ్గర ఆగుతాను. 1909లో రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగి, ఉప్పు సత్యాగ్రహంతో మొదలుపెట్టి 1930-33 మధ్య ఆవిడ మూడుసార్లు జైలుకు వెళ్లారు. వేలూరు జైల్లో హత్యానేరం మీద శిక్షపడ్డ ఆడవాళ్లు ఆవిడకు తారసపడ్డారు. వాళ్లకు చదువు రాదు. తమ మీద పెట్టిన కేసేమిటో, కోర్టులో ఏం చెప్పుకుని ఉంటే శిక్ష తగ్గేదో తెలియదు. చెప్పే దిక్కూ లేదు. తర్వాత మదురై జైల్లో పెట్టిన ఏకాంత ఖైదు ఆవిడ ఆరోగ్యాన్ని కుంగదీసింది. అయినా బయటికి వచ్చి, ఆగిపోయిన చదువు మళ్లీ అందుకుని, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పట్టా తీసుకుని, ఆపైన మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో వకీలయ్యారు. వేలూరులో చూసిన ఆ ఆడవాళ్లే ఆవిడ చేత లా చదివించారని నేను నమ్ముతాను.

వాళ్ల గతి ఏమిటో ఆవిడకు కొన్ని నెలల్లోనే అర్థమైంది. కానీ అక్కడ ఇంకో మనిషి ఉంది. రోజూ పొద్దున ఆ గది తాళం తీసి, సాయంత్రం లెక్కపెట్టి తాళం వేసిన వార్డరు. ఆ వార్డరు వాళ్లను ఏళ్ల తరబడి చూసి ఉంటుంది. ఎవరు ఏడుస్తారో, ఎవరు నిద్రపోరో, ఎవరికి ములాఖత్‌కు ఒక్కరూ రారో ఆమెకు తెలిసినట్టు జడ్జికి తెలియదు, వకీలుకు తెలియదు. అయినా ఆమెను ఎవరూ అడగలేదు. అడగాలని చట్టంలో లేదు. తాళం సరిగ్గా పడిందా, లెక్క సరిపోయిందా అనే రెండు ప్రశ్నలకే ఆమె జవాబు చెప్పుకోవాలి. ఇవాళ నేను మాట్లాడేది ఆ వార్డరు గురించి, ఆమె పై అధికారుల గురించి, యూనిఫారం వేసుకుని జైలును మార్చాలని చూసిన మనుషుల గురించి.

మన జైలు సైనిక శిబిరం నమూనాలో పుట్టింది. రాజమండ్రి సెంట్రల్ జైలు చూడండి. డచ్చివాళ్ల కోటగా మొదలైన ఆ చోటు 1864లో సెంట్రల్ జైలుగా మారింది. ఆయుధాలు దాచిన గోడల మధ్యకే మనుషుల్ని తెచ్చారు. కంపెనీ రోజుల్లోనూ ఆ తర్వాతా జైళ్ల పెద్దలుగా సైనిక వైద్యాధికారులు చాలామంది పనిచేశారు. కవాతు, వరస, సెల్యూటు, హోదాల మెట్లు అన్నీ అక్కణ్ణించి వచ్చాయి. నూటముప్పై ఏళ్లపాటు మన జైళ్లకు మూల చట్టం 1894 నాటి ప్రిజన్స్ యాక్టే. దాంట్లో కాపలాకు, శిక్షలకు ఉన్నంత చోటు మనిషిని బాగుచేసే పనికి లేదు.

అలాగని సైనిక క్రమశిక్షణను నేను తప్పుపట్టను. పడమటి వైపు తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది. తరతరాలుగా ఇంటికొక సైనికుణ్ణి పంపిన ఊరు. అలాంటి ఇళ్లలో పెరిగినవాళ్లకు క్రమశిక్షణ అంటే జులుం కాదని తెలుసు. సైన్యంలో మిలటరీ పోలీసు అనే విభాగం ఉంది. ఎర్రటోపీ పెట్టుకునే వీళ్ల పని శత్రువుతో కాదు, సొంత సైన్యంలోని తోటి జవానుతో. తప్పుచేసిన జవాను రేపు మళ్లీ అదే పటాలంలో తన పక్కన నిలబడాల్సిన మనిషి. అందుకని పట్టుకునేటప్పుడే అతను తిరిగి వస్తాడన్న ఎరుక ఉండాలి. 2021 మే నెలలో బెంగళూరు శిక్షణ కేంద్రం నుంచి తొలిసారిగా 83 మంది ఆడపిల్లలు మిలటరీ పోలీసు జవాన్లుగా బయటికొచ్చారు. ఆ వార్త చదివి నేను సంతోషించాను. తప్పుచేసినవాడు తిరిగి వస్తాడన్న ఆ ఎరుక మన జైలు వార్డరు శిక్షణలోకి కూడా రావాలి. శిక్షపడ్డవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒకరోజు మన వీధిలోకే తిరిగొస్తారు.

ఈ మాట ప్రపంచంలో అందరికన్నా ముందు చేసి చూపించినవాళ్లలో ఒక నావికాదళ అధికారి ఉన్నాడు. పేరు అలెగ్జాండర్ మకానకీ. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడి కొన్నేళ్లు ఫ్రాన్సులో యుద్ధఖైదీగా ఉన్నాడు. అంటే తాళానికి అవతలివైపు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. 1840లో ఆస్ట్రేలియాకు దూరంగా ఉన్న నార్‌ఫోక్ దీవికి అధిపతిగా వెళ్లాడు. ఒకసారి శిక్షపడి, అక్కడా మళ్లీ నేరం చేసినవాళ్లను పడేసే చోటది. కొరడా దెబ్బలకు పేరుమోసింది. అతను వెళ్లిన కొద్ది నెలలకే విక్టోరియా రాణి పుట్టినరోజు వచ్చింది. ఆ రోజు గేట్లు బార్లా తెరిపించాడు. ఖైదీలందరికీ మంచి భోజనం పెట్టించాడు, వాళ్ల చేతే నాటకం ఆడించాడు, బాణసంచా కాల్పించాడు. సాయంత్రం బూర ఊదగానే అంతా తమ తమ బారకుల్లోకి వెళ్లిపోయారు. గొడవేమీ జరగలేదు. సిడ్నీలోనూ లండన్లోనూ పెద్దలు మండిపడ్డారు. మంచి నడతకు, పనికి మార్కులిచ్చి ఆ మార్కులతో శిక్ష తగ్గించే పద్ధతి నడిపిస్తూ నాలుగేళ్లు గడిపాడు, 1844లో వెనక్కి పిలిపించేశారు. ఇవాళ మన రాజమండ్రి జైల్లో ఖైదీ హిస్టరీ టికెట్టు మీద రెమిషన్ రోజులు రాస్తున్నారంటే ఆ ఆలోచనకు మూలాల్లో ఒకటి ఆ దీవిలో ఉంది.

మన దగ్గరికొద్దాం. 1919-20లో ఇండియన్ జైల్స్ కమిటీ ఒకటి కూర్చుంది. దానికి అధ్యక్షుడు సర్ అలెగ్జాండర్ కార్డ్యూ, మన మద్రాసు ప్రెసిడెన్సీ అధికారి, 1919లో కొన్నాళ్లు తాత్కాలిక గవర్నరుగా కూడా ఉన్నాడు. ఖైదీని సంస్కరించడం జైలు లక్ష్యాల్లో ఒకటని అధికారికంగా గట్టిగా చెప్పిన మొదటి నివేదిక అదే. అండమాన్‌కు ఖైదీలను పంపడం మానెయ్యాలని కూడా చెప్పింది. ప్రభుత్వం సరేనంది. పదేళ్లు తిరిగేసరికి ఆ మాట గాలికి పోయింది. 1933లో మన కాకినాడలో బాంబు కేసు బయటపడింది. ఆ కేసులో శిక్షపడ్డ ప్రతివాది భయంకరాచారిని అండమాన్ సెల్యులర్ జైలుకే పంపారు. నివేదికలో ఏం రాశారన్నది ఒక సంగతి, ఓడ ఎక్కించే అధికారి ఏం చేశాడన్నది ఇంకో సంగతి. జైళ్ల చరిత్ర చదివినకొద్దీ నాకు ఈ రెండో సంగతే ముఖ్యమనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని మంచి పనులు మన తెలుగు నేల మీదే జరిగాయి. 1954లో హైదరాబాదు దగ్గర మౌలాలీలో ఖైదీలకు గోడలు లేని వ్యవసాయ క్షేత్రం మొదలైంది. 1965లో అనంతపురం జిల్లా రెడ్డిపల్లిలో ఇంకోటి వచ్చింది. పొలంలో దుక్కి దున్నుతున్న జీవితఖైదీకి కాపలా ఒకరిద్దరే. పారిపోవడానికి అడ్డేమీ లేదు, అయినా సాయంత్రానికి బారకుకు తిరిగొస్తాడు. ఇలాంటి చోటును నడపడానికి సూపరింటెండెంటుకు తుపాకీకన్నా ధైర్యం ఎక్కువ కావాలి. ఒక్కడు పారిపోయినా పేపర్లలో వచ్చేది సూపరింటెండెంటు పేరే. వందమంది ఇళ్లకు తిరిగెళ్లి బతుకుతున్నారని ఎవరూ రాయరు.

1979లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, కేరళ కలిసి జైలు అధికారుల శిక్షణకు వేలూరులో ఒక సంస్థ పెట్టాయి. వేలూరు అనగానే నాకు మనసు ఆగదు. 1908లో ఒక సంపాదకీయానికి రాజద్రోహం మోపి గాడిచర్ల హరిసర్వోత్తమరావును మామూలు నేరస్థుడిలా పెట్టింది ఆ ఊరి జైల్లోనే. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ రాసింది ఆ ఊరి జైల్లోనే. దుర్గాబాయమ్మ కళ్లు తెరిపించింది కూడా ఆ ఊరే. మన జిల్లా నుంచి శిక్షణకు వెళ్లే డిప్యూటీ జైలరుకు ఈ ముగ్గురి సంగతీ ఎవరైనా చెబుతున్నారా? చెప్పాలి. తన వృత్తికి ఇటువంటి పాఠం ఇంకెక్కడా దొరకదు.

తెలంగాణ ఏర్పడ్డాక అక్కడ జైళ్ల శాఖను నడిపిన ఐపీఎస్ అధికారి వి.కె. సింగ్ గురించి చెప్పాలి. సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, 2016లో 500 రూపాయలు కట్టినవాళ్లు ఒకరోజు ఖైదీలా ఉండి చూసే ఏర్పాటు చేశారు. అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఖైదీలు నడిపే పెట్రోలు బంకులే గొప్పవనిపిస్తాయి. అక్కడ బండి ఆపినవాడు తన డబ్బు ఒక ఖైదీ చేతిలో పెడతాడు, చిల్లర ఆ చేతి నుంచే తీసుకుంటాడు. ఏళ్ల తరబడి ఎవరూ నమ్మని మనిషి చేతికి క్యాష్‌బ్యాగు ఇవ్వడమంటే అది చిన్న సంగతి కాదు. రాత్రికి లెక్క సరిపోయినప్పుడు అతను తన గురించి తాను ఏమనుకుంటాడో ఊహించండి. నిరక్షరాస్యులకు జైల్లో అక్షరాలు నేర్పించిన ‘విద్యాదానం’ కార్యక్రమం కూడా అక్కడిదే. వేలిముద్రతో లోపలికి వెళ్లినవాడు సంతకం పెట్టి బయటికొచ్చాడు.

ఇంతవరకు చెప్పినవన్నీ దాదాపుగా సెంట్రల్ జైళ్లవి, శిక్షపడ్డవాళ్లవి. ఇక్కడే నా అసలు బాధ మొదలవుతుంది. మన రాజమండ్రిలో చేనేత ఉంది, వడ్రంగం ఉంది, చదువుకునే వీలుంది. మన పెద్దాపురం సబ్ జైల్లో ఏముంది? తప్పు సిబ్బందిది కాదు. సబ్ జైలంటే రిమాండు ఖైదీలను కొద్దిరోజులు ఉంచే చోటని మొదట్నించీ అనుకున్నారు. ఒకప్పుడు తాలూకా కచేరీని అంటిపెట్టుకుని, తాసిల్దారు పర్యవేక్షణలో ఉండేవి. కొద్దిరోజులకే కదా, పని ఎందుకు, బడి ఎందుకు అనుకున్నారు. దేశం లెక్క చూడండి. 2022 చివరికి మన జైళ్లలో 5.73 లక్షలమంది ఉన్నారు. వాళ్లలో 4.34 లక్షలమంది, అంటే నూటికి డెబ్భై అయిదుమందికి పైగా, ఇంకా తీర్పు రానివాళ్లు. అప్పటికి జైళ్లు పట్టేది 4.36 లక్షలమందిని. సంస్కరణ అంతా శిక్షపడ్డ ఆ పాతికమంది చుట్టూ తిరుగుతోంది. మిగతా డెబ్భై అయిదుమందికి సంస్కరణ అంటే ఒక్కటే, బయటికి రావడం.

వాళ్లెందుకు రాలేకపోతున్నారో ఇక్కడున్న వకీళ్లకు నేను చెప్పక్కర్లేదు. బెయిలొస్తుంది. ఇద్దరు జామీనుదార్లను తెమ్మంటారు. ఇంటిపన్ను రసీదు, ఆస్తి విలువ కాగితం కావాలి. కూలికి వెళ్లే మనిషికి అన్నీ ఉన్న జామీనుదారు ఎవరు దొరుకుతారు? అన్నీ కుదిరి కాగితం చేతికొచ్చేసరికి సాయంత్రం దాటుతుంది. అప్పటికి లోపల లాకప్పు అయిపోతుంది. సాయంత్రం లాకప్పు చూసినవాళ్లకు ఆ క్షణం తెలుస్తుంది. హెడ్ వార్డరు ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటూ వస్తాడు. రిజిస్టరులో అంకె వేస్తాడు. చువ్వల తలుపుకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూస్తాడు. తాళాల గుత్తి పెట్టెలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఏ ఉత్తర్వు వచ్చినా రేపు పొద్దున్నే. బయట గేటు దగ్గర భార్య టిఫిన్ గిన్నె పట్టుకుని నిలబడే ఉంటుంది. ఆమెకు ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో ఎవరూ చెప్పరు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఇక్కడ రిమాండు పడ్డ ఆడమనిషిని సాధారణంగా రాజమండ్రి మహిళా జైలుకు పంపుతారు. రంగంపేట, రాజానగరం మీదుగా బస్సులో వెళ్లి ములాఖత్ చూసుకుని రావాలంటే ఇంట్లోవాళ్లకు ఒక రోజు కూలి పోతుంది. తల్లితోపాటు లోపలికి వెళ్లే పసిబిడ్డల గురించి సుప్రీంకోర్టు 2006లో వివరంగా ఆదేశాలిచ్చింది. ఆ కేసు పేరులోనే మన రాష్ట్రం ఉంది, ఆర్.డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ఆరేళ్లలోపు బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చని, ఆ బిడ్డకు విడిగా తిండి, వైద్యం, ఆటపాటలు ఉండాలని, జైల్లో పుడితే పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదని చెప్పింది. దుర్గాబాయమ్మ ఉంటే ఈ తీర్పును గోడకు అంటించమనేవారు.

ఖైదీకి ప్రాణహక్కు ఉందన్న ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి తెలుగునాట ఒక సబ్ జైలు నుంచే వచ్చిందని మీలో ఎంతమందికి తెలుసు? అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైల్లో 1977 మే నెలలో ఒక రాత్రి దుండగులు చొరబడి బాంబులు వేశారు. రిమాండులో ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నా చాలినంత కాపలా పెట్టలేదు. ప్రభుత్వం తనకు సార్వభౌమాధికార రక్షణ ఉందని వాదించింది. 2000లో సుప్రీంకోర్టు, ఆ కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి కేసులో, ఆ వాదనను తోసిపుచ్చింది. ఖైదీ ఖైదీ అయినంత మాత్రాన మనిషి కాకుండా పోడని, అతని ప్రాణం కాపాడకపోతే ప్రభుత్వం పరిహారం కట్టాల్సిందేనని తేల్చింది. ఇరవైమూడేళ్లు పట్టింది. ఆ రాత్రి కాపలా సరిగ్గా ఉండి ఉంటే ఒక్క రోజూ పట్టేది కాదు.

ఇప్పుడు చట్టం మారింది. ఈ సభలో ఇంకేది గుర్తున్నా లేకపోయినా ఈ మార్పు గుర్తుంచుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ ఉంది. నేరానికి గరిష్ఠ శిక్ష ఎంతో చూసి, అందులో సగం కాలం విచారణ ఖైదీగానే గడిపినవాణ్ణి బెయిలు మీద వదలాలి. గతంలో ఏ నేరానికీ శిక్షపడనివాడైతే మూడోవంతు గడిపితే చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ వర్తించదు. సగం సంగతి పాత చట్టంలోనూ ఉండేది. కొత్తది ఏమిటంటే, ఆ గడువు పూర్తవగానే కోర్టుకు లిఖితపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది. ఖైదీ వకీలు అడగాలని లేదు, ఖైదీ వేడుకోవాలని లేదు. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిలొచ్చి ఏడు రోజులైనా బయటికి రాలేని ఖైదీ సంగతి సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజెయ్యాలని అదే కోర్టు 2023 జనవరిలోనే ఆదేశించింది. పూచీకత్తు కట్టలేని పేద విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా, జరిమానా కట్టలేక లోపలే ఉండిపోయిన శిక్షపడ్డ ఖైదీకి 25,000 దాకా ఇచ్చే కేంద్ర పథకం కూడా 2023లోనే వచ్చింది.

వేలూరు వార్డరును ఎవరూ అడగలేదని మొదట్లో అన్నాను. ఇప్పుడు చట్టమే అడుగుతోంది. తాళం పట్టిన చేతికి కలం కూడా ఇచ్చింది. జైలు అధికారి ఉద్యోగంలో ఇంత పెద్ద మార్పు నూటముప్పై ఏళ్లలో రాలేదని నా అభిప్రాయం. మంచి సూపరింటెండెంటు ఎవరని రేపు ఎవరైనా అడిగితే, ఎన్ని తాళాలు గట్టిగా వేశాడని కాదు, తేదీ దాటనివ్వకుండా ఎన్ని దరఖాస్తులు పెట్టాడని చూడాలి. పదోన్నతికి అదే లెక్క కావాలి. జైళ్లు రాష్ట్రాల చేతిలోని విషయం కాబట్టి ఇది చెయ్యడానికి మనం ఢిల్లీ వైపు చూడక్కర్లేదు.

ఇంకో మాట. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, సుకన్యా శాంత కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పని అప్పగించే నియమాలను, సంచార జాతులవాళ్లను పుట్టుకతోనే అనుమానించే నియమాలను కొట్టేసింది. అలాంటి నియమాలు మన రాష్ట్ర 1979 జైలు నిబంధనల్లో కూడా ఉండేవి. స్టూవర్టుపురం కథ తెలిసిన తెలుగువాళ్లకు దీని బరువు వేరే చెప్పాలా? ఒక కులంలో పుట్టినందుకు కుటుంబాలకు కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టి, హాజరు వేయించుకున్న నేల ఇది. అలా చేయించిన క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు దేశమంతటా 1952లో పోయింది. దాని నీడ రిజిస్టర్లలో డెబ్భై ఏళ్లు నిలిచింది. ఇప్పుడు ఆ రిజిస్టరులో కులం గడి కొట్టేసే పని గుమస్తాది, వార్డరుది.

వార్డరు సంగతి కూడా మనం పట్టించుకోవాలి. సిబ్బంది చాలని జైల్లో ఒక్కడే రెండు డ్యూటీలు చేస్తున్నాడు. పండగనాడు తన పిల్లల దగ్గర ఉండలేడు. ఊళ్లో అతని ఉద్యోగానికి పోలీసుకున్న గౌరవం లేదు. అతన్ని మనిషిగా చూడకుండా, ఖైదీని మనిషిగా చూడమని అతనికి చెప్పే హక్కు మనకు లేదు.

ఈ ఊరి నుంచి నేను కోరేది చాలా చిన్న పని. పెద్దాపురం బార్ నుంచి ఇద్దరు న్యాయవాదులు, మహారాణి కళాశాల నుంచి నలుగురు విద్యార్థులు, సైన్యం నుంచి వచ్చిన పెద్దల్లో ఒకరు కలిసి, న్యాయ సేవాధికార సంస్థ అనుమతితో, నెలకోసారి సబ్ జైలుకు వెళ్లండి. ప్రతి రిమాండు ఖైదీ పేరు పక్కన సెక్షను, లోపలికొచ్చిన తేదీ, 479 గడువు తేదీ, బెయిలు వచ్చిందా లేదా అన్న నాలుగు గడుల పట్టిక ఒకటి సూపరింటెండెంటుగారితో కలిసి తయారుచెయ్యండి. జామీనుదారు దొరకనివాళ్ల పేర్లు అదే రోజు సంస్థకు పంపండి. ఈ పనికి ముందుకొచ్చేవాళ్లు సభ అయ్యాక మీ పేర్లు అధ్యక్షులవారికి ఇచ్చి వెళ్లండి.